మీకు తెలుసా? చిలుకూరు మొక్కు.. యూరప్ షికారు

జన్వాడ, మొయినాబాద్ వైపు కుర్రాళ్లు దోస్తులతో కలిసి యూరప్ వెళ్లాలనుకుంటే వీసా కోసం ముందు గుర్తొచ్చేది చిలుకూరు బాలాజీయే. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108. ఈ గుడిలో హుండీ ఉండదు.

● లండన్ బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. ఒక పలకకు రెండు వైపులా చెక్కారు: ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, రెండోవైపు నిండు స్తూపం. శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు.

● లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో 1926లో వీరాస్వామి రెస్టారెంట్ తెరిచిన ఎడ్వర్డ్ పామర్, హైదరాబాద్ పామర్ల వంశీకుడు. నిజాంకు అప్పులిచ్చిన బ్యాంకు ఆ కుటుంబానిదే.

● సాలార్‌జంగ్ మ్యూజియంలోని 'మేలిముసుగు రెబెకా' శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెచ్చారు. ముసుగూ పాలరాయే, అందులోంచి కనిపించే ముఖమూ పాలరాయే. చెక్కింది ఇటలీ శిల్పి బెంజోనీ.

● పారిస్‌లో ఇడ్లీ, దోసెల మీద మనసు పోతే గార్ దు నార్ రైల్వే స్టేషన్ దగ్గరి లా షపెల్‌కు వెళ్లండి. అక్కడ శ్రీలంక తమిళుల హోటళ్లు వరసగా ఉంటాయి.

● లండన్, పారిస్ రెండూ ఒకే వీసాతో కుదరవు. పారిస్, రోమ్‌లకు షెంగెన్ వీసా చాలు. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. బ్రిటన్‌కు వేరే వీసా తీసుకోవాలి. టికెట్లు బుక్ చేసే ముందే ఇది చూసుకోండి.