ద్రాక్షతోటలో ఓ పూట!

నాసిక్‌ అనగానే త్రయంబకేశ్వరుడు, పంచవటి, గోదారమ్మ పుట్టిన కొండ... ఇవేగా గుర్తొచ్చేవి! ఇప్పుడక్కడికి వెళ్లేవాళ్లలో చాలామంది ఓ పూట ద్రాక్షతోటకీ కేటాయిస్తున్నారు. గంగాపూర్‌ డ్యామ్‌ దగ్గర్లోని సులా వైనరీ అది.

అమెరికాలో ఒరాకిల్‌ ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్‌ సామంత్‌, 1990ల్లో సొంత కుటుంబం భూమిలో సాగు మొదలుపెట్టారు. అమ్మ సులభ పేరునే కుదించి సంస్థకు పెట్టుకున్నారు. 2000లో తొలి వైన్‌ బయటికొచ్చింది.

టికెట్‌ కొంటే గైడ్‌ దగ్గరుండి అన్నీ చూపిస్తారు. వైన్‌ ద్రాక్ష మనం తినే రకం కాదు. పండు చిన్నది, తోలు మందం, లోపల గింజలు. రెడ్‌ వైన్‌కి ఆ రంగొచ్చేది తోలు నుంచే! ఐరోపాలో వేసవి చివర కోత కోస్తే ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. వానల్ని తప్పించుకోవాలి కదా! రసాన్ని స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెడతారు. కొన్ని రకాల్ని ఓక్‌ పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు.

చివరగా రుచి చూడటం. రంగు చూసి, గ్లాసు తిప్పి, వాసన పీల్చి... అప్పుడు చిన్న గుక్క. 21 ఏళ్లు నిండనివారికి మాత్రం ఇవ్వరు.

ఇక్కడి రైతులెందరో ఈ వైనరీతో ఒప్పందం చేసుకుని ద్రాక్ష పండిస్తున్నారు. ఒకప్పుడు హైదరాబాద్‌ చుట్టూ కూడా ద్రాక్షతోటలే. అనాబ్‌షాహి పేరు మార్మోగింది మన దగ్గరే. వాటిలో చాలావరకు ఇళ్ల స్థలాలైపోయాయి. నాసిక్‌ తీగల్ని చూస్తుంటే అవే గుర్తొస్తాయి!