పట్టణపు కూరగంపయు మన పొలముగట్టును

సహకార సంఘ సభ్యులగు కర్షక సోదరులకు ఈ మాసమున కలుపును గూర్చియే వ్రాయుచున్నాము. అయితే దానిని చంపు విధమును గూర్చి కాదు.

శ్రీకాకుళమున నాగావళి యొడ్డునను, విజయనగరమున ఖాళీ స్థలములయందును వానలు పడిన పిమ్మట ఆకులు గిల్లుచున్న స్త్రీలను మేము పలుమార్లు చూచితిమి. వారిలో పెక్కురు మన గ్రామములనుండి కూలికై పోయినవారే. ఇచ్చట కలుపు తీయుచు ఒడిలో వేసికొని వచ్చిన గలిజేరు, పొన్నగంటి, పాయలకూర, చెంచలి ఆ పూటకు పప్పులోనికో పులుసులోనికో అయ్యెడివి. చోడి అంబలిలోనికి నంజుకొనుటకును అవియే. పట్టణము చేరినను నాలుక మారలేదు. చేతిలో సొమ్మును అంతగా పెరుగలేదు.

వీధి ఆకు తినదగినదా? 2014, 2015 సంవత్సరముల అనావృష్టిలో అమెరికాలోని బర్క్‌లీ ప్రాంతమున ఫిలిప్ స్టార్క్ అను ఆచార్యుడును ఆయన సహచరులును వీధిప్రక్కల ఆకులను పరీక్షించి, కడిగిన పిదప వానిలోని లోహములు ప్రమాదపు హద్దునకు లోబడియే యున్నవని 2019లో ప్రకటించిరి. సంతోషమే. కాని మన పట్టణములలో ఆకు పెరుగు చోటనే మురుగు పారును. కడిగిన దుమ్ము పోవును గాని, వేరు పీల్చుకొన్నది పోదు. పైగా మురుగుకాలువలలో పొన్నగంటిని పోలిన విదేశపు మొక్క యొకటి దట్టముగా అల్లుకొనును. దాని కాడ బోలుగా నుండును. తెల్లని పూగుత్తి పొడవైన తొడిమపై నిలుచును. మన పొన్నగంటి పూవు ఆకుమొదటనే అంటియుండును. లేత ఉమ్మెత్త ఆకు కూరలో కలిసినచో మతి చలించును. కావున పిల్లలచే కోయింపరాదు.

అట్లయిన మన గట్లే మేలని వ్రాయబోయితిమి. అంతలో మా తప్పు మాకు జ్ఞప్తికి వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున గట్టుపై గ్లైఫోసేట్ మందు చల్లి చూపితిమి. మరునాటి ఉదయమున పోయి చూడగా ఒక ముసలమ్మ అదే గట్టున గలిజేరు కోసి గంప నింపుచున్నది. మొదటి బస్సుకు పట్టణమునకు పోయి అమ్ముకొనునట. "మామ్మా, అది మందు కొట్టిన ఆకు" అంటిమి. "పచ్చగానే ఉన్నాది గదా బాబూ!" అన్నది. ఆమె మాట నిజమే. ఆ మందు వేరునకు దిగి ఆకు పసుపుబారుటకు ఇంచుమించు వారము పట్టును. అంతవరకు చూపరికి గుర్తు తెలియదు. గంప వెల యిచ్చి ఆకును పూడ్పించితిమి. అంతకు ముందు మేము మందు చూపిన ఊళ్ళలో ఎన్ని గంపలు పోయెనో! మేము చదివిన పుస్తకములలో కలుపు అను మాటయే గాని కూర అను మాట లేదు.

కావున మందు చల్లుటకు ముందటి దినమున కలుపుతీత ఆడవారికి కబురు చెప్పుడు. చల్లిన గట్టున ఎండుకొమ్మకు ఎఱ్ఱగుడ్డ కట్టి పాతుడు. బావి దగ్గరి గట్టు నొకదానిని మందు తగులనీయక విడిచినచో, ఆ ఆకును కట్టలుగా కట్టి రైతుబజారునకు పంపవచ్చును. పాయలకూరలోను గలిజేరులోను ఆక్సాలిక్ ఆమ్లము హెచ్చు. ఉడికించి నీరు పారబోసి వండవలెననియు, మూత్రపిండములలో రాళ్ళున్నవారు మానవలెననియు కొనువారికి చెప్పుడు.

ఆ ముసలమ్మ ఇప్పుడు కోతకు ముందు మందు కొట్టని గట్టు ఏదో మమ్ము అడిగియే పోవుచున్నది.