ఎముకకు పట్టిన మందు రంగు

టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లు ఎముకకూ పంటికీ రంగు పట్టిస్తాయి. ఈ మందు కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఎముక పెరిగే చోట, పన్ను గట్టిపడే చోట దానితోపాటే చేరి అక్కడే ఉండిపోతుంది. అతినీలలోహిత కాంతి పడితే ఆ పొర పసుపుపచ్చగా మెరుస్తుంది. ఈ గుణం వైద్యానికీ పనికొచ్చింది. కొన్ని రోజుల ఎడంతో రెండు విడతలు మందిచ్చి, తుంటి ఎముక ముక్క తీసి చూస్తే రెండు మెరిసే గీతలు కనిపిస్తాయి. వాటి నడుమ దూరమే ఆ రోజుల్లో పెరిగిన ఎముక.

ఈ మందుల పుట్టుకలో తెలుగువాడి పాత్ర ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ లేబొరేటరీస్ పరిశోధనలకు సారథిగా ఉండగా, అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలోని బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఈ జాతి మందు ఆరియోమైసిన్‌ను రాబట్టారు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. పిల్లల పళ్లు పచ్చబడుతున్నాయన్న సంగతి తరువాతి దశాబ్దంలో గానీ బయటపడలేదు. గర్భిణులకూ ఎనిమిదేళ్లలోపు పిల్లలకూ ఈ మందులు వద్దన్న జాగ్రత్త అలా వచ్చింది. డాక్సీసైక్లిన్ మాత్రం కాల్షియానికి అంతగా అంటుకోదు. స్క్రబ్ టైఫస్ లాంటి ప్రమాదకర జ్వరానికి పిల్లలకైనా కొద్దిరోజులు దాన్నివ్వడానికి వెనకాడకూడదు.

విజయవాడ దంతవైద్యుల ముందు మరో చిక్కు ఉంటుంది: పంటి రంగు మందుదా, నీళ్లదా? అదే రాష్ట్రంలోని ప్రకాశం ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ల జబ్బు 1937లోనే వైద్య పత్రికకెక్కింది. ఫ్లోరోసిస్ పళ్ల మీద సుద్ద తెలుపు, గోధుమరంగు మచ్చలు ఉంటాయి. ఆ ప్రాంతపు ఊళ్లలో చాలామందికి అవే కనిపిస్తాయి. టెట్రాసైక్లిన్ అయితే పంటికి అడ్డంగా పట్టీలు వేస్తుంది. చిన్నప్పుడు మందు వాడినప్పుడు పన్ను ఎంతవరకు గట్టిపడిందో ఆ ఎత్తులోనే పట్టీ పడుతుంది.

టెట్రాసైక్లిన్ జాతిలో అన్నిటికంటే విచిత్రమైనది మినోసైక్లిన్. 1970ల మొదట్లో ఇదీ లెడర్లీ నుంచే వచ్చింది. మొటిమలకు నెలల తరబడి వాడతారు, కుష్ఠు చికిత్సలో కొందరికి ఇస్తారు. ఎదుగుదల ఆగిన పెద్దల ఎముకలను కూడా ఇది నల్లగా, నీలంగా, ఆకుపచ్చగా మార్చగలదు. రోగికి నొప్పీ ఉండదు, అనుమానమూ రాదు. చిగుళ్ల మీద, అంగిట్లో నీలిచాయ కనిపించినా చాలాసార్లు అది పైపొర రంగు కాదు, పలుచటి పొర కింద నల్లబడ్డ ఎముక.

మోకాలు తెరిచిన సర్జన్‌కు అలాంటి ఎముక ఎదురైతే ఇన్ఫెక్షనో, చచ్చుబడ్డ ఎముకో, మెలనోమా క్యాన్సరో అనిపిస్తుంది. కానీ చచ్చిన ఎముక నుంచి నెత్తురు రాదు. మందు రంగు పట్టిన ఎముక గట్టిగానే ఉంటుంది, డ్రిల్ వేస్తే నెత్తురూ వస్తుంది. ఆల్కాప్టోన్యూరియా అనే పుట్టుజబ్బులో ముందు మృదులాస్థి నల్లబడుతుంది, ఇక్కడ అది తెల్లగానే మిగులుతుంది. అందుకే పాత మొటిమల మందు గురించి ఆపరేషన్‌కు ముందే అడగాలి. అనుమానం మిగిలితే చిన్న ముక్కను పాథాలజీ పరీక్షకు పంపాలి. మందు మానేశాక, అది చర్మం మీద తెచ్చిన మచ్చలు మెల్లగా తగ్గొచ్చు. ఎముక రంగు ఏళ్లపాటు ఉండొచ్చు, కానీ ఆ రంగు ఒక్కటే కారణంగా కీలు మార్పిడి ఆపనక్కర్లేదు.