అదితి పటర్ చెప్పే లెక్క

2021 ఆగస్టు 7, శనివారం. గోల్ఫ్ ఆటను అంతకుముందు ఐదు నిమిషాలైనా చూసి ఎరగనివాళ్లు కూడా ఆ పొద్దున్నే టీవీల ముందు కూర్చున్నారు. టోక్యోకు చేరువలోని కాసుమిగాసెకి మైదానంలో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒలింపిక్ పతకం కోసం పోరాడుతోంది. నాలుగు రౌండ్లలో 67, 66, 68, 68 కొట్టి, పార్ కన్నా 15 తక్కువతో ముగించింది. రజత, కాంస్య పతకాల కోసం ప్లేఆఫ్ ఆడిన మోనే ఇనామి, లిడియా కో ఇద్దరిదీ 16 తక్కువ. ఒక్క దెబ్బ తేడాతో అదితికి నాలుగో స్థానం దక్కింది. సాయంత్రానికి నీరజ్ చోప్రా ఈటె బంగారు పతకం తేవడంతో పొద్దుటి బాధను దేశం మరిచిపోయింది. అదితి పేరు పక్కన మాత్రం ‘త్రుటిలో చేజారిన పతకం’ అన్న మాట అతుక్కుపోయింది. ఆ మాట సానుభూతితో అన్నదే, కానీ ఆమె సాధించినదాన్ని అది తలకిందులుగా చూపిస్తుంది.

ఎందుకో తెలియాలంటే ఆట లెక్క కాస్త తెలియాలి. పద్దెనిమిది గుంటలనూ మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలో ముందే ఒక అంకె కడతారు. అదే పార్. కాసుమిగాసెకిలో అది 71. ఆ అంకె కట్టేటప్పుడే ప్రతి గుంటకూ రెండేసి దెబ్బలు పట్టింగ్‌కు, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక (గ్రీన్)పై బంతిని దొర్లించడానికి, కేటాయిస్తారు. అలా 36 దెబ్బలు, దాదాపు సగం, అక్కడే అయిపోతాయి. బంతిని అల్లంత దూరం పంపే డ్రైవ్‌కూ, మూడడుగుల పట్‌కూ లెక్కలో ఒకటే విలువ. టీవీకి నచ్చేది మొదటిది, స్కోరు నిలబెట్టేది ఎక్కువగా రెండోది. టోక్యోలో ఆడిన 60 మందిలో బంతిని అతి తక్కువ దూరం కొట్టినవాళ్లలో అదితి ఒకరు. అంతకు కొద్ది నెలల ముందే కోవిడ్ సోకి ఉన్న బలమూ తగ్గింది. స్వర్ణం గెలిచిన నెల్లీ కోర్డా చిన్న ఐరన్‌తో గ్రీన్ చేరే చోట అదితి ఎక్కువ దూరానికి వాడే హైబ్రిడ్ కర్రనో, వుడ్‌నో తీయాల్సి వచ్చేది. అంత దూరం నుంచి బంతిని గుంట దగ్గర ఆపడం చాలా కష్టం. ఆ లోటంతా ఆమె పటర్‌తో, అంటే పట్టింగ్ కర్రతో, పూడ్చుకుంది. కోర్డా అప్పుడు ప్రపంచ నంబర్ వన్, అదితి ర్యాంకు 200. వాళ్లిద్దరి మధ్య చివరికి మిగిలిన తేడా రెండు దెబ్బలు. నేనైతే దీన్ని చేజారడం అనలేను.

ఇక రెండో పొరపాటు, గోల్ఫ్ జీవితాన్ని ఒక్క రోజుతో కొలవడం. టూర్ గోల్ఫర్‌కు నెల జీతం ఉండదు. ప్రయాణం, బస, కేడీ (కర్రల సంచి మోసే సహాయకుడు) ఖర్చు ముందే పెట్టుకోవాలి. మామూలుగా రెండు రౌండ్ల తర్వాత దాదాపు సగం మంది ఇంటికి వెళ్లిపోతారు. దాన్నే కట్ అంటారు. కట్ దాటకపోతే చాలా టోర్నీల్లో చేతికి పైసా రాదు. కౌలు రైతుది, ఈ ఆటగాడిది ఒకే బతుకు: పెట్టుబడి ఖాయం, పంట కాదు. ఏడాది చివర తగినంత సంపాదన లేకపోతే టూర్‌లో ఆడే హక్కయిన టూర్ కార్డే పోతుంది. అదితి 17 ఏళ్ల వయసులో, 2015 డిసెంబరులో, మొరాకోలో లల్లా ఐచా టూర్ స్కూల్ అనే అర్హత పోటీ గెలిచి మహిళల యూరోపియన్ టూర్‌లోకి వచ్చింది. 2016లో హీరో మహిళల ఇండియన్ ఓపెన్‌నూ, వెంటనే ఖతార్ ఓపెన్‌నూ గెలిచి, ఆ ఏడాది అక్కడి ఉత్తమ నవాగతురాలయింది. 2017లో అమెరికా ఎల్‌పీజీఏ టూర్‌లో అడుగుపెట్టింది. 2023లో కెన్యాలో, స్పెయిన్‌లో మళ్లీ గెలిచింది. ఇంగ్లండ్ ఆటగాడు టామీ ఫ్లీట్‌వుడ్‌ను చూడండి. పీజీఏ టూర్‌లో 160కి పైగా టోర్నీలు ఆడినా 2025 ఆగస్టు దాకా ఒక్కటీ గెలవలేదు. అయినా అతన్ని ఓడిపోయినవాడని ఎవరూ అనలేదు. ప్రపంచ అగ్రశ్రేణిలో పేరుంది, పారిస్ ఒలింపిక్ రజతం ఉంది. అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ గెలిచాక, అక్టోబరులో ఢిల్లీకి వచ్చి ఇక్కడా గెలిచి వెళ్లాడు. ఏళ్ల తరబడి పైవరుసలో నిలవడమే ఈ వృత్తిలో అసలు పని.

‘ఇదంతా ఓటమికి వేసే తీపి పూత’ అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో కొంత బలం ఉంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడో రౌండు 61 కొట్టి ఏడు దెబ్బల ఆధిక్యంలో నిలిచిన అదితి, 2023 అక్టోబరు 1న చివరి రౌండులో 77 కొట్టి స్వర్ణాన్ని థాయ్‌లాండ్ అమ్మాయికి వదిలేసింది. దాన్ని కోవిడ్ మీదకో, దురదృష్టం మీదకో నెట్టలేం. అదే ఏడాది ఏప్రిల్లో లాస్ ఏంజిలిస్‌లో ప్లేఆఫ్‌లో ఓడింది. పటర్ మీద ఆధారపడిన ఆటకున్న ప్రమాదం ఇదే. చెయ్యి కాస్త వణికిన రోజు ఆదుకోవడానికి వెనకాల గజాల బలం ఉండదు. కానీ అదే కారణం చేత, బంతిని దూరం కొట్టలేని ఆటగత్తె ఇన్నేళ్లు ఆ స్థాయిలో నిలవడం మరింత అరుదు. హాంగ్‌ఝౌ రజతం కూడా ఆసియా క్రీడల గోల్ఫ్‌లో భారత మహిళకు దక్కిన మొదటి పతకం.

‘డబ్బున్నవాళ్ల ఆటలో ఎవరు నిలిస్తే మనకేం?’ అన్నది మరో ప్రశ్న. దీనికి బెంగళూరులోనే సగం జవాబు దొరుకుతుంది. హై గ్రౌండ్స్‌లో 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్ ఉంది. అయితే అదితి మొదలుపెట్టింది కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ డ్రైవింగ్ రేంజిలో. ఇంట్లో అంతకుముందు గోల్ఫ్ ఆడినవాళ్లే లేరు. సభ్యత్వం లేనివాళ్లు కూడా డబ్బు కట్టి బంతులు కొట్టగల చోటు కనపడటంతో, ఐదారేళ్ల పాపతో పాటు తండ్రీ కర్ర పట్టాడు. రియో ఒలింపిక్స్‌లో తండ్రి అశోక్, టోక్యోలో తల్లి మహేశ్వరి ఆమెకు కేడీలుగా సంచి మోశారు. అదే అసోసియేషన్ మైదానంలో కేడీగా మొదలైన సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అలాగని ఇది బీదల ఆట అనబోవడం లేదు. ఒక మునియప్ప వెనుక సంచి మోస్తూనే ఉండిపోయినవాళ్లు ఎందరో. నేననేది ఇంతే: బంతిని మూడు వందల గజాలు పంపే ఒళ్లు తయారు కావాలంటే తిండి, జిమ్, శిక్షకుడు, ఖరీదైన కర్రలు కావాలి. పట్టింగ్‌కు ఒక కర్ర, ఒక బంతి, బోలెడు గంటలు చాలు. వీటితో పాటు మంచి గ్రీన్ కూడా ఉండాలి. చిక్కంతా అక్కడే. డ్రైవింగ్ రేంజి టికెట్టుకు దొరుకుతుంది కానీ, నిజమైన గ్రీన్లు సభ్యుల గేటు లోపలే ఉంటాయి. వారంలో కొన్ని గంటలు ప్రాక్టీస్ గ్రీన్‌ను బయటి పిల్లలకు వదిలితే క్లబ్బులకు పోయేది కొంత గడ్డి, కాస్త ప్రశాంతత మాత్రమే.