నిద్రలేమికి టెలీ మానసిక వైద్యం: అపోహలు – వాస్తవాలు

పక్క మీద చేరినా ఎంతకీ నిద్ర రాకపోవడం, పట్టిన నిద్ర మధ్యలో చెదిరి మళ్లీ పట్టకపోవడం, తెల్లవారడానికి చాలా ముందే మెలకువ వచ్చేయడం అనే మూడు ఇబ్బందుల్లో ఏ ఒక్కటైనా, నిద్రపోవడానికి తగినంత సమయమూ అనువైన చోటూ ఉన్నప్పటికీ వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున 3 నెలలైనా కొనసాగి, పగటి పనినీ మనఃస్థితినీ దెబ్బతీస్తుంటే వైద్యులు దానిని దీర్ఘకాలిక నిద్రలేమిగా గుర్తిస్తారు. ఇలాంటి సమస్యలకు వీడియో కాల్ ద్వారా వైద్యుణ్ణి సంప్రదించడానికి భారతదేశంలో స్పష్టమైన నియమావళి 2020 మార్చి 25న వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలతో ఏర్పడింది. అదే ఏడాది ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ, బెంగళూరులోని నిమ్‌హాన్స్, టెలీమెడిసిన్ సొసైటీ ఆఫ్ ఇండియా కలిసి మానసిక వైద్యానికి ప్రత్యేకించిన నియమాలనూ రూపొందించాయి. నియమాలు వచ్చినంత వేగంగా అవగాహన రాలేదు. నిద్ర గురించి ఎప్పటినుంచో ఉన్న అపోహలకు ఫోన్ వైద్యం గురించిన కొత్త అపోహలు తోడయ్యాయి.

అపోహ: నాడి పట్టకుండా, ఎదురుగా కూర్చోకుండా చేసేది సగం వైద్యమే.

చాలా జబ్బుల విషయంలో ఈ సందేహం సబబే గానీ నిద్రలేమి విషయంలో అంతగా నిలవదు. నిద్రలేమిని నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. రోగి చెప్పే వివరాలు, పక్కన పడుకునేవారు గమనించిన సంగతులు, ఎన్నింటికి పడుకున్నదీ, ఎప్పుడు నిద్ర పట్టిందీ, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందీ రోజూ ఉదయం రాసుకునే నిద్ర డైరీ, ఇవే నిర్ధారణకు ఆధారాలు. పైగా రోగి ఫోన్ తిప్పి చూపినప్పుడు పడకగదిలోని టీవీ, మంచం పక్కనే ఛార్జింగ్‌కు పెట్టిన మరో ఫోన్, అర్ధరాత్రి పదేపదే చూసుకునే గోడ గడియారం వైద్యుడి కంట పడతాయి. ఆస్పత్రిలోని కన్సల్టేషన్ గదిలో ఇవేవీ కనిపించవు.

చికిత్స కూడా ప్రధానంగా మాటల మీదే నడుస్తుంది. నిద్రను చెడగొట్టే అలవాట్లనూ ఆలోచనలనూ క్రమపద్ధతిలో సరిచేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని దీర్ఘకాలిక నిద్రలేమికి మొట్టమొదటి చికిత్సగా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. అందులో కీలకమైన భాగం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. రాత్రి 10 గంటలకు పడుకుని ఉదయం 6కు లేచే మనిషి నిజంగా నిద్రపోయేది 5 గంటలేనని డైరీలో తేలితే, పక్క మీద గడిపిన 8 గంటల్లో నిద్ర వాటా 62.5 శాతమే అయినట్టు. అలాంటి వ్యక్తిని ఇంకా పెందలాడే పడుకోమనకుండా, రాత్రి 12.30 దాకా పక్క మీదికే చేరవద్దనీ, ఎలా నిద్ర పట్టినా ఉదయం 6కు తప్పక లేవాలనీ చెబుతారు. మేలుకుని ఉన్నంతసేపూ పేరుకునే నిద్ర అవసరం ఇలా బలపడి, నిద్ర వాటా 85 శాతం దాటాక, పడుకునే వేళను 15 నిమిషాల చొప్పున వెనక్కు తెస్తారు. నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో సహచరులతో కలిసి ప్రతిపాదించిన ఈ పద్ధతిలో తొలి వారాల్లో పగలు మగత తప్పదు కనుక వాహనాలు నడిపేవారు జాగ్రత్తపడాలి. బైపోలార్ రుగ్మత ఉన్నవారిలో నిద్ర తగ్గడమే ఉన్మాద దశకు దారితీయవచ్చు, మూర్ఛ వ్యాధి ఉన్నవారికి ఫిట్స్ రావచ్చు. ఈ పద్ధతిని నేర్పే యాప్ ఒక్కదాన్నే నమ్ముకోవడం కన్నా మానసిక వైద్యుడి పర్యవేక్షణ ఎందుకు మేలో ఇక్కడే తెలుస్తుంది.

అపోహ: ఫోన్‌లో అడిగితే చాలు, నిద్రమాత్ర రాసి పంపేస్తారు.

రాయరు, చాలావరకు రాయకూడదు కూడా. 2020 మార్గదర్శకాలు మందులను జాబితాలుగా విడదీసి, మత్తుమందుల నియంత్రణకు 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోని మందులను టెలీ సంప్రదింపులో రాయకూడదన్నాయి. అల్ప్రాజోలం, డయాజెపామ్, నైట్రాజెపామ్, జోల్పిడెమ్ ఆ కోవలోనివే. క్లోనాజెపామ్ వంటి కొద్ది మందులకు మాత్రం షరతులతో సడలింపు ఉంది. మందుల షాపులకూ ఆంక్షలున్నాయి: షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చే ఇలాంటి మందుల అమ్మకాన్ని విడిగా రిజిస్టరులో రాసి, ఆ రిజిస్టరును 3 ఏళ్లు భద్రపరచాలి. దీనిని వట్టి చాదస్తమని కొట్టిపారేసేవారు తెలంగాణ అనుభవాన్ని గుర్తు చేసుకోవాలి. కల్లులో అల్ప్రాజోలం, డయాజెపామ్ కలిపి అమ్మడం ఏళ్ల తరబడి సాగిన జిల్లాల్లో, 2015లో దాడులు పెరిగి కల్తీ కల్లు దొరకడం హఠాత్తుగా తగ్గేసరికి, రోజూ తాగేవారు వణుకుతో, పొంతన లేని మాటలతో, ఫిట్స్‌తో ఆస్పత్రుల పాలయ్యారు.

నెలల తరబడి అదే మందును మాత్ర రూపంలో వేసుకుంటున్న వ్యక్తి ఉన్నట్టుండి మానేసినా అలాంటి ప్రమాదమే పొంచి ఉంటుంది. మానేసిన తొలి రాత్రుల్లో నిద్ర మునుపటికన్నా దారుణంగా చెదిరిపోతే, మాత్ర లేకుండా బతకలేమనడానికి అదే రుజువని చాలామంది భ్రమపడతారు. నిజానికి అది మందు ఉపసంహరణ వల్ల తాత్కాలికంగా కలిగే ఎదురుదెబ్బ మాత్రమే. అందుకే మోతాదును కొద్దికొద్దిగా, వారాలు లేదా నెలల వ్యవధిలో తగ్గించాలి. ప్రిస్క్రిప్షన్ కోసం నేరుగా వెళ్లవలసి వచ్చినా, ఆ తగ్గింపు కాలంలో ధైర్యం చెప్పే పలకరింపులకు వీడియో కాల్‌ను మించిన సదుపాయం లేదు. 65 ఏళ్లు దాటినవారు మాత్రల మత్తులో పడిపోయి ఎముకలు విరగ్గొట్టుకునే ప్రమాదం ఎక్కువ కాబట్టి వారి విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇక మాత్రకు బదులు రెండు పెగ్గులు అనుకునేవారికి మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది గానీ రాత్రి రెండో సగంలో లేపి కూర్చోబెడుతుంది.

అపోహ: గురక పెడుతున్నారంటే హాయిగా నిద్రపోతున్నట్టే.

గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు నిశ్శబ్దం, ఆపై ఉలిక్కిపడి గాలి పీల్చుకోవడం అనేవి స్లీప్ ఆప్నియా లక్షణాలు కావచ్చు. నిద్రలో గొంతు వెనుక కండరాలు సడలి గాలి దారి మూసుకుపోవడం వల్ల శ్వాస 10 సెకన్లో అంతకుమించో ఆగుతూ ఉండే ఈ జబ్బును ఫోన్‌లో అనుమానించవచ్చు గానీ నిర్ధారించలేరు. గురక, పగటి అలసట, రక్తపోటు, బరువు, వయసు వంటివి అడిగి, ఇంట్లోని టేపుతో మెడ చుట్టుకొలత కొలిపించి అనుమానం బలపడితే, ఒక రాత్రంతా ముక్కుకూ వేలికీ సెన్సార్లు తగిలించి చేసే పరీక్షకు పంపుతారు. ఆప్నియాను గుర్తించకుండా మత్తునిచ్చే మాత్రలు వాడితే శ్వాస మరింత చిక్కుల్లో పడవచ్చు. గురకే కాదు, ఇతర లక్షణాలనూ గమనించాలి: పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేకపోవడానికి ఇనుము లోపం కారణం కావచ్చు కనుక ఫెరిటిన్ పరీక్ష చేయిస్తారు. కలలో కొట్టుకుంటున్నట్టు నిద్రలోనే చేతులు విసిరే పెద్దవారి విషయంలో, అది కొందరిలో పార్కిన్సన్స్ వ్యాధికి ముందస్తు సూచన కావచ్చు కాబట్టి, ఇంటివారు ఫోన్‌లో తీసిన వీడియోతో న్యూరాలజిస్టును కలవాలి. చేతికి పెట్టుకునే స్మార్ట్ వాచ్ కదలికలనూ నాడినీ చూసి నిద్రను అంచనా వేస్తుందే తప్ప మెదడు తరంగాలను కొలవదు. ఆ గ్రాఫు చూసి బెంగపెట్టుకోవడం వల్లే నిద్ర పోగొట్టుకునేవారికి 2017లో అమెరికా పరిశోధకులు ఆర్థోసోమ్నియా అనే పేరు కూడా పెట్టారు.

అపోహ: మానసిక వైద్యుడితో మాట్లాడితే పిచ్చి ముద్ర పడుతుంది, కాల్‌లో చెప్పినవన్నీ బయటికి పొక్కుతాయి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. కాల్ ద్వారా జరిగే వైద్యానికీ అది వర్తిస్తుంది. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే శిక్షణ పొందిన కౌన్సెలర్లు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు, అవసరాన్ని బట్టి నిపుణులకు అప్పగిస్తారు. నిద్ర లేని రాత్రుల్లో చావు ఆలోచనలు వస్తున్నవారు అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేయాలి.

విదేశాల్లోని తెలుగువారికి మాత్రం ఒక పరిమితి ఉంది. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న వ్యక్తి హైదరాబాద్‌లోని వైద్యుడితో తెలుగులో మనసు విప్పి మాట్లాడాలనుకోవడం సహజమే గానీ, భారత మార్గదర్శకాలు దేశం వెలుపలి సంప్రదింపులకు వర్తించవు కనుక, ఉంటున్న చోట లైసెన్సు ఉన్న వైద్యుణ్ణే ఆశ్రయించాలి. స్వదేశంలో ఉన్నవారైనా తెర మీద కనిపించే వ్యక్తి అర్హతను తెలుసుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ నంబరు వైద్యుడు పంపే ప్రిస్క్రిప్షన్ మీద ఉండి తీరాలి.