4.3 జిప్సీ ఎత్తు పెంచడం: స్థిరత్వం లెక్క

ఉప్పల్, నాచారం వర్క్‌షాపుల్లో పాత మారుతి జిప్సీ కనిపిస్తే కిందికి వంగి చూడండి. ముందు, వెనుక ఇరుసులకు లీఫ్ స్ప్రింగులు, అంటే కమాను పట్టీలు ఉంటాయి. వంపు ఎక్కువున్న పట్టీలు వేస్తే బాడీ, ఛాసిస్ పైకి లేచి రాళ్లకు తగలవు. కానీ ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ ఎత్తు మారదు. దాన్ని నేల నుంచి ఎత్తేవి పెద్ద టైర్లే.

మరి నష్టం ఏమిటి? కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం 1300 మి.మీ., గరిమనాభి ఎత్తు 650 మి.మీ. అనుకుందాం. సగం దూరాన్ని ఎత్తుతో భాగిస్తే 650/650 = 1. అంటే పక్కవాలు 45 డిగ్రీలు దాటితే బండి బోల్తాపడుతుంది. గరిమనాభి 50 మి.మీ. పైకి జరిగితే 650/700 = 0.93; హద్దు సుమారు 43 డిగ్రీలకు దిగుతుంది. స్ప్రింగులు ఒక పక్కకు ఒరుగుతాయి కాబట్టి అసలు హద్దు ఇంకా తక్కువ. మలుపులో వేగం ఉంటే ప్రమాదం మరింత పెరుగుతుంది.

ఎత్తు పెంచాక బ్రేకు హోస్‌లు బిగుసుకుంటున్నాయేమో, ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లు అరుగుతున్నాయేమో చూడాలి.

గమనిక: తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ వివరాలు మారేలా మార్పులు చేయడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: గరిమనాభి 100 మి.మీ. పైకి జరిగితే హద్దు ఎన్ని డిగ్రీలు?