పెట్రోలు ట్యాంకులోకి నీరు చేరితే? అణువుల ముక్కలు చెప్పే జవాబు

ఖరగ్‌పూర్ యార్డులో కట్టిన గూడ్సు బండి బరువు చెప్పాలంటే బండి మొత్తాన్ని తూకం వేయనక్కర్లేదు. ఏ రకం వ్యాగన్లు ఎన్ని ఉన్నాయో, ఒక్కో రకం బరువెంతో తెలిస్తే చాలు, కూడిక సరిపోతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరది. దేశంలో తొలి ఐఐటీ కూడా అక్కడే, 1951లో, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. కెమికల్ ఇంజనీరింగ్ చదివేవారు ద్రవాల విషయంలో నేర్చుకునే ఒక లెక్క ఈ వ్యాగన్ల లెక్కకు దగ్గరి చుట్టం.

ఆ లెక్క అవసరం ఎక్కడంటే, మన పెట్రోలు బంకులోనే. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని మన దేశం 2025లో చేరుకుంది. ఇథనాల్ పెట్రోలుతోనూ కలుస్తుంది, నీటితోనూ కలుస్తుంది. పెట్రోలుకూ నీటికీ మాత్రం పడదు. వానాకాలంలో భూగర్భ ట్యాంకులోకి కాస్త నీరు దిగితే ఇథనాల్ కొంతవరకు దాన్ని తనలో దాచుకుంటుంది. హద్దు దాటితే నీటి పక్షం చేరిపోతుంది. ఇథనాల్, నీరు కలిసి అడుగున ఒక పొర, పైన ఇథనాల్ తగ్గిన పెట్రోలు మరో పొర. 10 శాతం ఇథనాల్ ఉన్న ఇంధనంలో 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు అర శాతం నీటికే ఇలా జరుగుతుంది. ఇథనాల్ పెరిగితే హద్దు పెరుగుతుంది, చలి పెరిగితే తగ్గుతుంది. పెట్రోలు రకాన్ని బట్టీ మారుతుంది.

ఇలా రెండు పొరలో, ద్రవమూ ఆవిరో పక్కపక్కనే నిలకడగా ఉండే స్థితిని ప్రావస్థా సమతాస్థితి అంటారు. ప్రతి మిశ్రమాన్నీ ప్రయోగశాలలో పరీక్షించవచ్చు కదా అంటారా? 1,000 ద్రవాలు తీసుకుంటే వాటిలో జంటలే 4,99,500. మూడేసి కలిపితే 16 కోట్లు దాటుతాయి. ఒక్కో మిశ్రమాన్నీ పలు నిష్పత్తుల్లో, పలు ఉష్ణోగ్రతల్లో కొలవడం అయ్యే పని కాదు.

అందుకే అణువును ముక్కలుగా చూడాలన్న ఆలోచన. ద్రవాలు వేలల్లో ఉన్నా, వాటి అణువులు కొన్ని పదుల సమూహాల కూర్పులే. ఇథనాల్ అంటే ఒక సీహెచ్3, ఒక సీహెచ్2, ఒక ఓహెచ్. పెట్రోలుకు నమూనాగా తీసుకునే ఐసోఆక్టేన్‌లో ఐదు సీహెచ్3లు, ఒక్కొక్కటి చొప్పున సీహెచ్2, సీహెచ్, సీ ఉంటాయి. నీరు తనంతట తానే ఒక సమూహం.

వ్యాగన్ల పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. బొగ్గు వ్యాగన్‌కు పక్కన ఏ వ్యాగన్ ఉన్నా ఒకటే. అణువుల సమూహాలకు పొరుగు ముఖ్యం. 1975లో డెన్మార్క్‌కు చెందిన ఫ్రెడెన్‌స్లుండ్, అమెరికాలోని జోన్స్, ప్రౌస్నిట్జ్ ప్రకటించిన యూనిఫాక్ పద్ధతి ఈ పొరుగు సంబంధాలను లెక్కలోకి తెచ్చింది. ప్రతి సమూహానికీ పరిమాణం, ఉపరితలం చెప్పే రెండు సంఖ్యలు. ప్రతి జంటకూ పరస్పర చర్యను చెప్పే మరో రెండు. ప్రచురిత పట్టికలో సీహెచ్2, నీరు జంటకు 1318, 300. ఓహెచ్, నీరు జంటకు 353.5, మైనస్ 229.1. స్థూలంగా, సంఖ్య పెద్దదైతే ఆ పొరుగు గిట్టదు. రుణసంఖ్య అయితే ఇష్టం. ఇథనాల్ ఎందుకు నీటి పక్షం చేరుతుందో ఆ నాలుగు అంకెల్లోనే కనిపిస్తుంది.

ఇథనాల్‌ను నీటి నుంచి మామూలు స్వేదనంతో పూర్తిగా విడదీయలేం. బరువులో 95.6 శాతం దగ్గర, 78.2 డిగ్రీల వద్ద, ఆవిరీ ద్రవమూ ఒకే కూర్పుకు వచ్చి ఆగిపోతాయి. ఈ పద్ధతి ఆ ప్రతిబంధకాన్నీ ముందుగా చూపగలదు. ఇంధన ఇథనాల్‌లో మిగిలిన నీటిని తీయడానికి డిస్టిలరీలు మాలిక్యులార్ సీవ్‌లు వాడేది అందుకే.

అయితే ఆ అంకెలు ఊహించినవి కావు. ఎవరో ఓపికగా కొలిచిన వాటి నుంచి తీసినవి. నా దృష్టిలో అసలు గౌరవం దక్కాల్సింది వాళ్లకే. 1950లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. వెంకటరావు, ఎం. రాజారావు, సహచరులు మూడు ద్రవాల మిశ్రమాలు ఎక్కడ రెండు పొరలవుతాయో వరుసగా కొలిచి ప్రచురించారు. హైదరాబాద్ ఐఐసీటీలో ద్రవాల జంటల మరుగు ఉష్ణోగ్రతలను ఎబులియోమీటర్‌తో కొలిచారు. ఆ పత్రాల్లో చాలావాటిలో పీడనం 95.5 కిలోపాస్కల్స్ అని ఉంటుంది. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 101.3. అరకిలోమీటరు ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో సుమారు అంతే ఉంటుంది మరి!

ఈ పద్ధతికి కంటికి ఆనని సంగతులూ ఉన్నాయి. ముక్కలు ఎన్నో చూస్తుంది గాని, అవి అణువులో ఎక్కడున్నాయో చూడదు. ఆర్థో, మెటా, పారా జైలీన్‌లు మూడూ దానికి ఒకటే. ఆర్థో నైట్రోఫినాల్‌లో ఓహెచ్ పక్కనే ఉన్న నైట్రో సమూహంతో లోలోపలే బంధం కలుపుకుంటుంది. పారా రూపంలో అది కుదరదు. ప్రాథమిక లెక్క రెండింటికీ ఒకే జవాబిస్తుంది.

మన ట్యాంకు సమస్యకు మరో చిక్కుంది. ఆవిరి, ద్రవాల సమతాస్థితి నుంచి తీసిన అంకెలు రెండు ద్రవ పొరల విషయంలో తరచూ తడబడతాయి. అందుకే 1981లో ద్రవ పొరల కోసం వేరే పట్టిక తయారుచేశారు. 1987లో ఉష్ణోగ్రతతో మారే అంకెలతో జర్మనీలోని డార్ట్‌మండ్ నుంచి సవరించిన రూపం వచ్చింది. చలికి నీటి హద్దు ఎంత తగ్గుతుందో లెక్కించాలంటే పట్టిక ఎంపిక దగ్గరే జాగ్రత్త పడాలి.

బంకులో మాత్రం ఇప్పటికీ డిప్ రాడ్‌కు పేస్ట్ రాసి ట్యాంకులోకి దించుతారు. అడుగున నీరుంటే దాని రంగు మారుతుంది. ఇథనాల్ కలిసిన నీటి పొరను పాత రకం పేస్ట్ సరిగా పట్టలేదు. దానికి వేరే పేస్ట్ వాడాలి.